బెజవాడ కార్పొరేషన్: ముగుస్తున్న ఐదేళ్ల గడువు.. మళ్లీ స్పెషల్ ఆఫీసర్ పాలనేనా?

విజయవాడ నగరపాలక సంస్థ పాలకవర్గం గడువు 2026 మార్చితో ముగుస్తుంది. మేయర్ పీఠం ఎవరిదన్నది పార్టీల లెక్క. డివిజన్‌లో ఉండే ఓటరుకు మాత్రం అంతకన్నా ముందు ఇంకో ప్రశ్న ఉంది. అసలు ఎన్నికలు టైమ్‌కి జరుగుతాయా?

ఈ అనుమానం ఊరికే రాలేదు. 2005లో ఎన్నికైన పాలకవర్గం 2010లో దిగిపోతే, మళ్లీ పోలింగ్ జరిగింది 2014 మార్చి 30న. ఆ తర్వాతి పాలకవర్గం గడువు 2019లో తీరింది. 2020 మార్చిలో నామినేషన్లు వేశాక కరోనాతో ఎన్నిక ఆగింది. చివరికి అవే నామినేషన్లతో 2021 మార్చి 10న ఓట్లు వేయించారు. అంటే 2010 నుంచి లెక్కేసుకుంటే, దాదాపు ఐదేళ్లు బెజవాడకు కార్పొరేటర్లే లేరు. ఒక పూర్తి టర్మ్ పోయినట్టే!

కార్పొరేటర్ చేతిలో పెద్ద అధికారాలేం లేవు, నిజమే. కానీ డ్రైనేజీ పొంగినా, కుళాయి నీళ్లు రంగు మారినా పొద్దున్నే వెళ్లి తలుపు కొట్టడానికి పక్క వీధిలో ఒక మనిషి ఉంటారు. స్పెషల్ ఆఫీసర్ ఇంటికి అలా ఎవరు వెళ్తారు?

2024 సెప్టెంబర్ వరదల్లో ఈ తేడా కొంతే కనిపించింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు పాలకవర్గం ఉంది. అయినా సహాయక చర్యలు నడిచింది కలెక్టరేట్ నుంచి. బుడమేరు ఇరిగేషన్ శాఖది, కార్పొరేషన్‌ది కాదు. నీళ్లు తగ్గాక పరిహారం జాబితాలో పేరు లేదంటూ జనం సచివాలయాల చుట్టూ తిరిగారు. వీధి తెలిసిన ప్రతినిధి అవసరం పడేది సరిగ్గా అక్కడే.

మరి ప్రభుత్వాలకు తొందర ఎందుకుండదు? బెజవాడ ఓటు ఒకచోట నిలవదు. 2014లో 59 డివిజన్లలో టీడీపీకి 38, వైసీపీకి 19 వచ్చాయి. 2021లో డివిజన్లు 64 అయ్యాయి. వైసీపీ 49 గెలిచింది, టీడీపీ 14 దగ్గర ఆగింది, సీపీఎంకి ఒకటి దక్కింది. మూడేళ్లు దాటగానే, 2024లో నగరంలోని మూడు అసెంబ్లీ సీట్లూ కూటమి ఖాతాలో పడ్డాయి. ఇలాంటి ఊళ్లో గెలుపు ఖాయమని తేలేదాకా ఆగుదామనే ఆలోచన ఏ అధికార పార్టీకైనా వస్తుంది.

గడువులోగా పోలింగ్ జరగకపోతే 64 డివిజన్ల ఫైళ్లూ మళ్లీ ఒకే అధికారి టేబుల్ మీదకు వెళ్తాయి.