కొంటున్నది చప్పుడే

టర్బో కారుకు కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకేసి, బానెట్ కింద ఎర్రటి కోన్ ఫిల్టర్ బిగించుకునే మోజు మన మోత్కూర్ దాకా వచ్చింది. పోలో జీటీ, ఐ20 ఎన్ లైన్ లాంటి కార్లు హైదరాబాద్ నుంచి ఆదివారాలు ఊరికొస్తుంటే, డ్రైవర్ యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడల్లా ‘స్స్...’ మని బుస కొట్టడం చౌరస్తాలో అందరికీ వినిపిస్తోంది. ఆ కార్లు నడిపే పిల్లల మీద నాకు కోపం లేదు. కారంటే ప్రాణమున్నవాడు బానెట్ ఎత్తి చూడకుండా ఉండలేడు. ‘పది హార్స్‌పవర్ పెరుగుతుంది, పికప్ అదిరిపోతుంది’ అని చెప్పి వేలకు వేలు గుంజి, మన దుబ్బ నేలకు పనికిరాని సరుకును వాళ్లకు అంటగడుతున్నవాళ్ల మీదే నా కోపం.

అసలు టర్బో ఏం చేస్తుందో చూడండి. పొగగొట్టంలోంచి పోయే వేడి వాయువుతో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీద ఇంకో చివర ఉన్న అల్యూమినియం చక్రం బయటి గాలిని పీల్చి, ఒత్తి, ఇంజన్‌లోకి తోస్తుంది. ఇది నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. లీటరు ఇంజనే అయినా, 5,000 ఆర్‌పీఎం దగ్గర పూర్తి బూస్ట్‌లో ఉంటే నిమిషానికి 4,000 లీటర్లకు పైగా గాలి మింగుతుంది. మనది గ్రానైటు నేల. ఆ రాయి అరిగి అయిన దుబ్బలో ఉండేది చాలావరకు క్వార్ట్జ్. మోస్ కొలమానం మీద దాని గట్టిదనం 7, అల్యూమినియానిది 3 లోపే. అంత వేగంతో తిరిగే రెక్కల అంచుకు ఫిల్టర్ దాటి వచ్చిన ఆ రేణువులు రోజూ తగులుతుంటే ఏమవుతుందో మెకానిక్ చెప్పక్కర్లేదు. రెక్కలను దాటుకుని లోపలికి పోయినవి పిస్టన్ రింగులను, సిలిండర్ బోరును గీకుతాయి.

యాసంగి కోతలప్పుడు ఏ ట్రాక్టర్ షెడ్డుకైనా పోయి నిలబడండి. పాత ట్రాక్టర్ల గాలి ఫిల్టర్ కింద నూనె గిన్నె ఒకటుంటుంది. మెకానిక్ క్లిప్పు ఊడదీసి ఆ గిన్నెను పక్కకు వంచుతాడు. పైన నల్లటి నూనె, అడుగున వేలెడు మందాన బురద. దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపితే గరగరమంటుంది. ‘ఇదంత లోపలికి పోతే బోరు ఆగుతదా అన్నా?’ అంటాడు. పదో తరగతి దాటని రైతు కూడా ఆ మాట విని, కోతల సీజన్‌లో పొద్దున్నే గిన్నె కడిగించుకుని గానీ పొలానికి పోడు. లక్షలు పోసి కారు కొన్నవాళ్లకు ఈ మాట చెప్పే దుకాణదారుడు నాకు కనబడలేదు.

పవర్ సంగతీ చూద్దాం. కంపెనీ డబ్బా ముందు గ్రిల్ దగ్గర నుంచి బయటి గాలి తెచ్చుకుంటుంది. డబ్బా తీసేసి కోన్ ఒక్కటే పెడితే, అది రేడియేటర్ వెనక సెగ పీలుస్తుంది. మే నెలలో బయట 45 డిగ్రీలుంటే, బానెట్ కింద 70 ఉందనుకోండి. ఆ వేడికి గాలి ఏడు శాతం పలచబడుతుంది. అంతే ప్రెషర్ తేవడానికి టర్బో ఇంకా కష్టపడాలి, గాలి ఇంకా వేడెక్కుతుంది. ఇంటర్‌కూలర్ కొంత చల్లబరిచినా, ఇంజన్ కొట్టుకోకుండా ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ) టైమింగ్ వెనక్కి లాగుతుంది. పైగా బూస్ట్ ఎంత ఉండాలో నిర్ణయించేది కూడా ఈసీయూనే. ఈసీయూ ప్రోగ్రామ్ మార్చని, అంటే రీమ్యాప్ చేయని కారులో ఫిల్టర్ మార్చినంత మాత్రాన అది పెరగదు. మరి వినిపించేదేమిటి? డబ్బా అణచిపెట్టిన చప్పుడు బయటికి వస్తుంది. కాలు తీసినప్పుడు టర్బో వాల్వ్ వదిలిన గాలి తెరిచిన ఫిల్టర్‌లోంచి బుస కొడుతుంది. చెవికి అది బలంలా తోస్తుంది. కొంటున్నది ఆ చప్పుడే.

రీమ్యాప్ చేయించి, పెద్ద టర్బో వేసి, నిజంగానే ఎక్కువ గాలి కావాల్సినవాళ్లు కొందరుంటారు. వాళ్లు మూత ఉన్న డబ్బా, ముందు నుంచే గాలి తెచ్చే గొట్టం ఉన్నదే తీసుకోవాలి. దుమ్మును ఎంత శాతం ఆపుతుందో ఐఎస్‌వో 5011 పరీక్ష లెక్క చూపమని అడగాలి. చూపకపోతే లేచి రావాలి. నూనె పట్టించిన కాటన్ ఫిల్టర్ వద్దంటాను. కడిగినప్పుడు నూనె ఎక్కువైతే ఎయిర్‌ఫ్లో సెన్సర్ తీగ మీద పేరుకుని, దాని లెక్క తప్పిస్తుంది. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ వేయొచ్చని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతున్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఈ లెక్కలన్నీ వేస్తుంటే నన్ను ఇంకో లెక్క నిద్రపోనివ్వడం లేదు. ఊరికే కూర్చున్న మనిషి కూడా రోజుకు దాదాపు 10,000 లీటర్ల గాలి పీలుస్తాడు. ఆ గాలికి డబ్బా లేదు, మూత లేదు. బిక్కేరు వాగు నుంచి ఇసుక ట్రాక్టర్లు టార్పాలిన్ లేకుండా వస్తుంటాయి. గుంత వచ్చిన ప్రతిచోటా గుప్పెడు ఇసుక రోడ్డు మీద పడుతుంది, వెనకొచ్చే బస్సు దాన్ని పిండి చేసి లేపుతుంది. బడి విడిచిన పిల్లలు చున్నీలు, కర్చీఫులు ముక్కులకు అడ్డం పెట్టుకుని రోడ్డు దాటుతారు. రోడ్డు పక్క మిర్చి బజ్జీలు వేసే అమ్మ పొద్దంతా ఆ దుబ్బలోనే. సన్నటి క్వార్ట్జ్ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు. క్వారీల్లో, క్రషర్ల దగ్గర పనిచేసేవాళ్లకు వచ్చే సిలికోసిస్‌కు మూలం అదే. ఇంజన్‌కు వేల రూపాయల ఫిల్టర్లు అమ్మే బజారుంది గానీ, ఈ దుబ్బను పుట్టినచోటే ఆపే నాథుడు లేడు.

రెవెన్యూ, పోలీసు, మున్సిపాలిటీ అధికారులకు నాదొకటే మనవి. వాగు గట్టు దగ్గరే నిలబడి, టార్పాలిన్ కట్టని ఇసుక బండిని రోడ్డెక్కనివ్వకండి. చౌరస్తాలో పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి నీళ్లు చల్లించండి. కారున్న తమ్ముళ్లకు కూడా ఒక మాట. పీకేసిన డబ్బా ఇంట్లో ఉంటే మళ్లీ బిగించుకోండి. అందులో కొత్త పేపర్ ఫిల్టర్ వేయించండి, మన రోడ్ల మీద తిరిగే కారుకు దాన్ని పుస్తకంలో రాసిన గడువు కన్నా ముందే మార్పించండి.