వెలుగు ఎక్కువైనా కనపడదు!

"అమ్మా, ఇందులో ఏమీ లేదు!" పోయిన ఆదివారం మా చిన్నాడి కేక. బయాలజీ ప్రాజెక్టుకని స్కూలు నుంచి మైక్రోస్కోపు తెచ్చుకున్నాడు. చెంప లోపల పుల్లతో మెల్లగా గీరి, స్లైడు మీద పూసి చూస్తున్నాడు. కనపడటం లేదని లైటు మొత్తం పెంచేశాడు. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది కదండీ!

నర్సింగ్ ల్యాబ్‌లో నేర్చుకున్నది గుర్తొచ్చి, స్లైడు పెట్టే బల్ల కింద ఉన్న చిన్న మీటను కొంచెం కొంచెంగా జరిపాను. అంతా తెల్లగా ఉన్నచోట కణాల అంచులు తేలాయి, మధ్యలో న్యూక్లియస్ చుక్కతో సహా. వాడు నోరు తెరిచాడు.

ఆ మీట ఐరిస్ డయాఫ్రమ్‌ది. మన కంటిపాపలాగే పెద్దదీ చిన్నదీ అవుతుంది. దాని పైనున్న కండెన్సర్ అనే కటకం వెలుగును పోగుచేసి స్లైడు మీదికి పంపుతుంది. చిన్నప్పుడు కరెంటు పోతే లాంతరు ముందు చేతులు పెట్టి గోడ మీద జింక నీడ వేసేవాళ్లం, గుర్తుందా? అదే నాలుగు వైపులా ట్యూబ్‌లైట్లు వెలుగుతుంటే జింక ఏది? ఇక్కడా అంతే. రంగు వేయని కణం గాజుముక్క లాంటిది. అన్ని కోణాల నుంచీ వెలుగు పడితే మాయమైపోతుంది. డయాఫ్రమ్ కాస్త మూస్తే అంచులు తేలతాయి. అలాగని మరీ మూసేస్తే సన్న వివరాలు అలుక్కుపోతాయి. కళ్లు చెదురుతుంటే తగ్గించాల్సింది దీపాన్ని, డయాఫ్రమ్‌ను కాదు.

ఒక్కోసారి తెరవాల్సిందీ ఉంటుంది. దానికి మన సికింద్రాబాదే సాక్ష్యం. 1897 ఆగస్టు 20న, బేగంపేటలో రోనాల్డ్ రాస్ మలేరియా రోగిని కుట్టిన దోమ పొట్టను పరీక్షిస్తున్నారు. ఉక్కపోత, పైగా మబ్బు. అక్కడ ఉండకూడని గుండ్రటి కణాలు కనిపించాయి. ఆయన డయాఫ్రమ్ తెరిచి, ఇంకాస్త వెలుగు రానిచ్చి, ఫోకస్ సరిచేశారు. ఆ కణాల్లో కాటుకలాంటి నల్లటి రేణువులు! మలేరియా క్రిమిలో ఉండే రేణువులే అవి. తమ రంగు తమకే ఉంది కనుక ఎక్కువ వెలుగులోనూ అవి మాయం కాలేదు. మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందని అలా తెలిసింది. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ భవనం ఇప్పటికీ పాత ఎయిర్‌పోర్టు దగ్గరే ఉంది.

ఇది ఉత్త చరిత్ర కాదు సుమండీ. అమెరికాలో మలేరియా అరుదు కాబట్టి, జ్వరమంటే ముందు ఫ్లూ అనుకుంటారు. ఇండియా వెళ్లొచ్చిన ఏడాదిలోపు మీకో పిల్లలకో చలిజ్వరం వస్తే ఆలస్యం చేయకండి. డాక్టరు అడగకపోయినా, "ఇండియా వెళ్లొచ్చాం" అని మీరే చెప్పండి. అప్పుడే రక్తపు చుక్క మైక్రోస్కోపు కిందికి వెళ్తుంది. ఆ మాట మనం చెప్పకపోతే, ఎంత మంచి మైక్రోస్కోపు ఉన్నా ఏం లాభం?