ఎర్రచుక్క చూసుకోండి!

2006లో మా స్నేహితుడి పెళ్లి వీడియో నేనే తీస్తానన్నాను. అరువు తెచ్చిన హ్యాండీక్యామ్, గంట నిడివి మినీడీవీ క్యాసెట్లు రెండు... అంతే నా సరంజామా. సుముహూర్తానికి బాజాలు జోరందుకున్నాయి. జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు, అడ్డుతెర తీశారు. 'హమ్మయ్య' అనుకుంటూ ఆపుదామని బటన్ నొక్కితే, అప్పుడు వెలిగింది ఎర్రచుక్క! కంగారులో ముందే రెండుసార్లు నొక్కేశానన్నమాట.

భయపడుతూనే వాడికి నిజం చెప్పాను. 'ఉన్నదే చూద్దాం పట్రా' అన్నాడు. విడిదింట్లో కెమెరా పరీక్షిస్తూ తీసిన రెండు నిమిషాల్లో వాళ్ల నాన్న కొడుకు పంచెకట్టు సరిచేస్తూ నవ్వుతున్నారు. ఆయన పోయాక ఆ ఇంట్లో పదేపదే చూసేది ఆ రెండు నిమిషాలే.

మీరూ పెళ్లి తీస్తుంటే ఎర్రచుక్క చూసుకోండి. అంతకన్నా ముందు, పెద్దవాళ్లను తీయండి.