కమ్మలు కుదవ పెట్టే క్రిస్మస్ మనకొద్దు

గుర్రంకొండ, వాల్మీకిపురం, కలికిరి, మదనపల్లె మండలాల్లోని క్రైస్తవ కుటుంబాలకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజాలకు, యవ్వనస్థులకు, ముఖ్యంగా మనవళ్ళను సాకుతున్న అవ్వలకూ తాతలకూ

పోయిన క్రిస్మస్‌కు మన మధ్యనే ఒక అవ్వ చెవుల కమ్మలు తీసి కుదవ పెట్టింది. కూతురు కువైట్‌లో ఇళ్ళల్లో పని చేస్తుంది. ఇద్దరు మనవళ్ళు, ఒక మనవరాలు అవ్వ దగ్గరే పెరుగుతున్నారు. ఆ నెల కువైట్ నుంచి డబ్బు రాలేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి 6,000 తెచ్చింది. నెలకు 180 వడ్డీ. ఉగాదికి అసలు అట్లే ఉంది. వానలు పడేసరికి కమ్మలు చేయి దాటిపోయాయి. ఇప్పుడు ఆ చెవుల్లో వేపపుల్లలు ఉన్నాయి. ఆమె పేరు చెప్పము. ఏ పల్లెకు పోయినా అట్లాంటి అవ్వ ఒకరు కనబడతారు.

ఆ 6,000 ఎక్కడికి పోయిందో మేము కూర్చుని అడిగి తెలుసుకున్నాము. పిల్లల బట్టలకు అందులో సగం కూడా పోలేదు. మిగిలింది సెమీ క్రిస్మస్ చందాకు, స్త్రీల సమాజమంతా ఒకే రంగు చీర కట్టాలన్నందుకు ఆ చీరకు, కేరల్స్ వాళ్ళు రాత్రి గడపలోకి వచ్చినప్పుడు పెట్టిన పళ్ళేనికీ కవరుకూ, పండగ ఆరాధనలో మైకులో పేరు చదువుతారని వేసిన కానుకకు పోయింది. మనవళ్ళ కోసం అని కుదవ పెట్టిన కమ్మలు మనవళ్ళకు పెద్దగా అక్కరకు రాలేదు. మన గొప్పకు అక్కరకు వచ్చాయి. ఈ కాగితం రాయడానికి కారణం అదే.

మన ఇండ్లలో డిసెంబరు ఎట్లా ఉంటుందో ఎవరికీ చెప్పనక్కర లేదు. పిల్లలను కన్నవాళ్ళు బెంగళూరులో కట్టడం పనిలోనో, గల్ఫ్‌లోనో ఉంటారు. అవ్వకు ఒకటో తేదీన వచ్చే పింఛను 2024 జూలై నుంచి 4,000 అయింది, సంతోషం. కానీ అందులోనే ఇంటిల్లిపాది తిండి, మాత్రలు, కరెంటు, పలకా పుస్తకం. ఉపాధి హామీ కూలి 2025-26లో రోజుకు 307 అని కాగితం మీద ఉండింది, పని మాత్రం ఎక్కువగా ఎండాకాలంలోనే దొరికేది. ఇక టమాట తోటల కూలి ధరను బట్టి. 2023 ఆగస్టు మొదట్లో మదనపల్లె మార్కెట్‌లో కిలో దాదాపు 200 పలికింది, రెండు నెలలు తిరగకుండానే కోత కూలి కూడా రాని ధరకు పడిపోయింది. ధర పడితే రైతు కోయించడు, కోయించకపోతే మనకు పని లేదు. ఇట్లాంటి సంపాదనను నమ్ముకుని నెల పొడుగునా పండగ చేయమంటే ఏ ముసలి ప్రాణం తట్టుకుంటుంది?

సెమీ క్రిస్మస్ గురించి సూటిగా మాట్లాడుకోవాలి. డిసెంబరు మొదలైతే చాలు, సంఘానికి ఒకటి, యవ్వనస్థులకు ఒకటి, స్త్రీల సమాజానికి ఒకటి, ఆ తర్వాత పక్క ఊరి వాళ్ళు పిలిచింది ఒకటి. ప్రతిదానికీ చందా. స్టేజీ, సీరియల్ లైట్లు, సౌండు, పిల్లల మొహాలకంటే పెద్దగా పెద్దల మొహాలున్న ఫ్లెక్సీ. వచ్చిన అతిథులకు శాలువాలు, కేకు, బిర్యానీ, పోయేటప్పుడు ప్రేమ కానుక. పిల్లలు రాత్రి తొమ్మిదిన్నర దాకా ప్రసంగాలు విని, తమ పాట వంతు వచ్చేలోగా చాప మీదే నిద్రపోతారు. వాళ్ళ పేరు మీదే కదా ఇదంతా జరిగేది!

మీ సంఘం లెక్క మీరే వేసుకోండి. అరవై గడపలుంటే, గడపకు 500 చొప్పున ఒక్క సభకు 30,000. ఆ సంఘంలో యాభై మంది పిల్లలున్నారనుకోండి, తలకు 600. మదనపల్లెలో టోకున గుడ్డ తెచ్చి, మన సంఘంలోనే మిషన్లున్న ఆడబిడ్డల చేత కుట్టిస్తే ఒక బిడ్డకు పండగ జత అందులో రాదా? ఒక్క రాత్రి వెలిగి ఆరిపోయే లైట్లు, సంఘంలో పిల్లలందరి బట్టలు, రెండూ ఒకే ఖర్చు. ఇన్నేళ్ళుగా మనం లైట్లనే ఎంచుకుంటున్నాము.

పాత సంఘాల్లో క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం. కనిపెట్టుకుని ఉండే రోజులు, ఒద్దికగా ఉండే రోజులు. పండగ 25న వచ్చేది. ఇప్పుడు 25 వచ్చేసరికి చేతిలో డబ్బూ ఉండదు, ఒంట్లో ఓపికా ఉండదు, పిల్లలకు కేకు మీద మోజూ ఉండదు.

పెద్దలారా, మీకు కోపం వచ్చినా సరే ఒక మాట అడుగుతాము. విధవరాలు రెండు కాసులు వేసిన వాక్యం మీద ఏటా ఎన్ని ప్రసంగాలు చేస్తారు? ఉన్నదంతా వేసిందని ఎంత మెచ్చుకుంటారు? మార్కు సువార్త 12వ అధ్యాయంలో ఆ మాటకు కొంచెం పైనే విధవరాండ్ర ఇండ్లను మింగేసే శాస్త్రులకు కఠినమైన శిక్ష ఉందని ఉంది. ఆ వాక్యం మీద మన స్టేజీల మీద ఎప్పుడైనా ఒక ప్రసంగం విన్నామా? యాకోబు పత్రిక 2వ అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి కాళ్ళ దగ్గర చోటు ఇవ్వడం పాపమని ఉంది. మనం ఏం చేస్తున్నాము? 5,000 వేసినవాళ్ళ పేరు గట్టిగా, 50 వేసినవాళ్ళ పేరు వేగంగా మైకులో చదువుతున్నాము. ఆ అవ్వ తన పేరు 50 పక్కన వినబడకూడదనే కదా కుదవ కొట్టుకు పోయింది. ఆ పాపంలో మైకు పట్టుకున్న చేతికి వాటా ఉంది. విని చప్పట్లు కొట్టిన మన చేతులకూ ఉంది.

ఏ బాలుడి పుట్టుక పేరున ఇదంతా చేస్తున్నామో, ఆయన తల్లిదండ్రులు దేవాలయానికి ఏమి తీసుకుపోయారో లూకా 2వ అధ్యాయం చూడండి. గువ్వల జత. గొర్రెపిల్లను ఇచ్చుకోలేని పేదలకు లేవీయకాండం 12వ అధ్యాయం ఇచ్చిన వెసులుబాటు అది. మరియ గొర్రెపిల్ల కోసం ఎవరి దగ్గరా వడ్డీకి తేలేదు. ఆమె కానుక ఎంతని ఎవరూ కేకవేసి చదవలేదు.

పేరు కోసం కాకుండా, ఉన్నంతలో కలిసి చేసిన పనులు మన చరిత్రలోనూ ఉన్నాయి. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి 1915 నాటికే ఎట్లా లేచి నిలబడింది? పలు మిషన్లు ఎవరికి వారు చిన్న ఆసుపత్రి కట్టుకోకుండా ఒక్కచోట కలిసి పెట్టినందువల్ల. దాన్ని నిలబెట్టిన డాక్టర్ ఫ్రిమోట్ మొల్లర్ డెన్మార్క్ మనిషి. అదే డెన్మార్క్‌లో 1904లో ఐనార్ హోల్‌బోల్ అనే తపాలా ఉద్యోగి క్రిస్మస్ ఉత్తరాల మీద అతికించే చిన్న బిళ్ళ ఒకటి అమ్మించాడు. ధర అతి తక్కువ, పేదవాడూ కొనగలడు. ఆ డబ్బు క్షయ పట్టిన పిల్లలకు. ఎవరు ఎన్ని కొన్నారో ఎవరూ చదివి వినిపించలేదు. మిజోరంలో 1910 నుంచి ఇంటింటా ఆడవాళ్ళు వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెడుతున్నారు, దానితోనే అక్కడి సంఘాలు పెద్ద పెద్ద పనులు చేశాయి. మన పల్లెల్లో పాత అవ్వలకు పిడికెడు బియ్యం తెలుసు. మనమే మానేశాము, ఎందుకంటే పిడికెడు బియ్యానికి పేరు రాదు.

కాబట్టి మేము కోరేది ఇది. ఈ ఏడు ఊరికి ఒకే సెమీ క్రిస్మస్, అన్ని సంఘాలూ కలిసి, చర్చి ఆవరణలోనే. స్టేజీ లేదు, శాలువాలు లేవు. పిల్లల నాటిక, పిల్లల పాటలు ముందు, పెద్దల మాటలు పది నిమిషాలు. ఇది కూడా చేయలేనివాళ్ళు సెమీ క్రిస్మస్ అసలే మానేయండి, ఎవరి రక్షణా పోదు. కానుకల పేర్లు చదవడం పూర్తిగా ఆపాలి, పెట్టెలో ఎవరెంత వేశారో దేవునికి తెలిస్తే చాలు. ఒకే రంగు చీర మాట స్త్రీల సమాజం ఈ ఏడు ఎత్తకూడదు. అక్టోబరు మొదటి ఆదివారం నుంచి పిడికెడు బియ్యం తిరిగి మొదలుపెడదాము. ఆ బియ్యంతో, సంఘంలో రైతులు ఇచ్చే రాగులు, కూరగాయలతో 25న అందరికీ ఒకే పంక్తిలో భోజనం. రాగిసంగటి, నాటుకోడి పులుసు చాలు. ఆ రోజు ఏ అవ్వా ఒంటరిగా పొయ్యి ముందు కూర్చోకూడదు.

బట్టల సంగతి. నవంబరు మొదట్లోనే, రద్దీ పెరగకముందే, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు పోయి గుడ్డ టోకుగా తెస్తారు. ఏ బిడ్డకు ఏది కావాలో ఆ బిడ్డ అవ్వే ఏరుకుంటుంది. అందరికీ ఒకటే గుడ్డ వేసి పేదపిల్లల గుంపు అని తెలిసేటట్టు చేయకండి. అన్నిటికంటే ముఖ్యంగా, పిల్లలను వరసగా నిలబెట్టి బట్టల పొట్లం ఇస్తూ ఫోటోలు తీయకండి. ఇంటికి పోయి అవ్వ చేతికి ఇవ్వండి. మనవడికి అవ్వే ఇస్తుంది. అది ఆమె హక్కు.

డబ్బు జమ చేయడానికి ఎవరో ఒకరి దగ్గర క్రిస్మస్ చీటీ కట్టే పని ఇంక వద్దు. చీటీ నడపాలంటే 1982 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి, అనుమతి లేని డిపాజిట్లను 2019 చట్టం నిషేధించింది. డిసెంబరులో మనిషి మాయమయ్యాక పోలీసు స్టేషను చుట్టూ తిరిగి ఏం లాభం? పోస్టాఫీసులో 500తో పొదుపు ఖాతా తెరుచుకోవచ్చు. సంఘం డబ్బుకు ముగ్గురి సంతకాలతో ఖాతా ఉండాలి, అందులో ఒకరు అవ్వ కావాలి. జనవరి మొదటి ఆదివారం పైసాతో సహా లెక్క చర్చి గోడకు అతికించాలి. యెరూషలేములో విధవరాండ్రకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగు వచ్చినప్పుడు అపొస్తలులు వాళ్ళ నోరు మూయించలేదు. ఆ పనికి ఏడుగురిని ఏర్పరిచారు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం.

పిల్లలు చిన్నబోతారని అంటారు. చిన్నబోరు. వెదురు దబ్బలు, రంగు కాగితం, మైదా జిగురు ఇచ్చి చూడండి, ఇంటి ముందర నక్షత్రం వాళ్ళే కడతారు. తాత దబ్బలు చీల్చి ఇవ్వాలి, అంతే. పశువుల పాక కోసం బజారు బొమ్మలు కొననక్కర లేదు. 1223లో ఇటలీలోని గ్రెచియోలో ఫ్రాన్సిస్ అనే సన్న్యాసి మొదటి పాక పెట్టినప్పుడు నిజమైన గడ్డి, నిజమైన ఎద్దు, గాడిద ఉన్నాయి. మన దొడ్లో ఎద్దు లేదా? గడ్డి లేదా? బెల్లం, చెనిక్కాయలు కలిపి ఉండలు కట్టేటప్పుడు పిల్లల చేతులు కూడా కలవనివ్వండి. నిప్పట్లు ఒత్తనివ్వండి. 26న ఊరి పిల్లలందరినీ గుర్రంకొండ కోట కింది రంగిన్ మహల్ దగ్గరికి తీసుకుపోండి, కట్టిన సద్ది అక్కడ విప్పండి, ఎరిగిన తాత ఒకరు కోట కథ చెప్పండి. ఇవన్నీ పిల్లలకు గుర్తుండిపోతాయి, కొన్న బ్యాటరీ కారు బొమ్మ కొత్త సంవత్సరం దాకా కూడా నడవదు.

ఇంట్లో ఎంత ఉందో పిల్లలకు చెప్పండి. ఎనిమిదేళ్ళు దాటిన బిడ్డకు లెక్క అర్థమవుతుంది. దాచి, అప్పు చేసి, ఆ తర్వాత చిరాకుపడి కొట్టే బదులు, ఇంత ఉంది, ఏం చేద్దామని అడగండి. బెంగళూరులో, కువైట్‌లో ఉన్న అమ్మానాన్నలకు మా మనవి: ఖరీదైన ఫోను పంపకండి. ఆ డబ్బు నవంబరులోనే అవ్వకు చేరేటట్టు చూడండి, పండగ పొద్దున బిడ్డతో తీరికగా మాట్లాడండి.

ప్రభుత్వం ఇవ్వాలని కొందరంటారు. చంద్రన్న క్రిస్మస్ కానుక వచ్చింది, 2019లో ప్రభుత్వం మారగానే పోయింది. ఇస్తే తీసుకుందాము. దాని కోసం మన పిల్లల పండగ ఆపము. పక్క సంఘం వాళ్ళు నవ్వుతారన్నది మాత్రం జవాబు చెప్పదగ్గ మాట కాదు.

ఈ ఏడు సంఘం ఖాతాలో పడిన మొదటి డబ్బుతో, పోయిన పండగకు కుదవపోయి ఇంకా విడిపించగలిగిన అవ్వల వస్తువులేవో తెలుసుకుని విడిపించాలి. లైట్లకు ఆ తర్వాత చూద్దాము.

వచ్చే స్త్రీల సమాజం కూడికలో ఈ కాగితం మొత్తం చదివించండి. తీర్మానం పుస్తకంలో రాయించి, చదువు రానివాళ్ళ వేలిముద్రలతో సహా సంతకాలు తీసుకోండి. పెద్దలు కాదంటే, ఎందుకు కాదంటున్నారో కూడా అదే పుస్తకంలో వాళ్ళ చేతనే రాయించండి.