బావికి ఉత్తరమా, దక్షిణమా?

వలస కవిత్వం అనగానే ముందు ఊరు వస్తుంది. చెరువుగట్టు, సంక్రాంతి ముగ్గు, ఆవకాయ జాడీ. అందులో భార్యాభర్తలుంటే ఇద్దరూ ఒకే ఊరి మీద బెంగపెట్టుకుని కనిపిస్తారు. ఎ.కె. రామానుజన్ అలా రాయలేదు. 1971లో 'రిలేషన్స్' సంపుటిలో వచ్చిన 'లవ్ పోయమ్ ఫర్ ఎ వైఫ్ 1'లో, ఏళ్ళకొద్దీ కాపురం చేశాక కూడా తమ మధ్య మిగిలిన దూరం కలిసి గడపని బాల్యమేనని మొదట్లోనే తేల్చేస్తాడు.

ఆయన మైసూరులో పెరిగిన తమిళ వైష్ణవుడు. భార్య మాలీ డేనియల్స్ కేరళ సిరియన్ క్రైస్తవురాలు, రచయిత్రి. కాపురం షికాగోలో. ఇంత తేడా ఉన్నా పేచీ మతం దగ్గర రాదు, స్నానాలగది దగ్గర వస్తుంది. అలెప్పీలో తాతగారింటి స్నానాలగది బావికి ఉత్తరాన ఉండేదా, దక్షిణాన ఉండేదా అని ఆమె, తోడబుట్టినవాడు కలబడతారు. నేలమీద కూర్చుని, దొరికిన కాగితమల్లా ప్లాన్లు గీసేస్తారు. అమెరికా రోడ్డు మ్యాపుల్నీ వదలరు! మొగుడి సంపాదన కూడా పందెంలోకి వెళ్ళిపోతుంది. ఆ మొగుడూ, ఆ ఇంటి కోడలూ ఉత్త బొమ్మల్లా చూస్తుంటారు. తెల్లవాళ్ళ మధ్య పరాయితనం గురించి చాలా చదివాం. అయినవాళ్ళ మధ్య, కట్టుకున్నదాని ఎదుట పరాయివాడైపోవడం మాత్రం అరుదు.

క్షేత్రయ్య పదాలను వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్‌లతో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చినవాడీయన. ఆ పదాల్లో నాయికకు సవతి మీద అసూయ. ఈ మొగుడికి పెళ్ళాం ఊరి మీద, ఆమె పిచ్చి అత్తల కథల మీద అసూయ. ఆమెకేమో అతని గతం మీద బెంగ. దీన్ని ప్రేమ అనకపోతే ఇంకేమనాలి?

చివర్లో వెటకారానికి దిగుతాడు: సోదరిని రాణిని చేసుకున్న ఈజిప్టు రాజులే నయం, లేదంటే పుట్టకముందే పెళ్ళి కుదిర్చే హిందువులు. మనకు వెంటనే మేనరికం గుర్తొస్తుంది. మేనమామ పెరట్లో బావి ఎక్కడుందో బావకెవరూ చెప్పక్కర్లేదు, నిజమే. ఆ తెలిసినతనంలో ఎంత ఊపిరాడనితనం ఉందో మరదళ్ళనడగాలి.

కాకినాడ అమ్మాయి, కరీంనగర్ అబ్బాయి డాలస్‌లో కాపురం పెడితే, వాళ్ళ కవితలో 'మా ఊరు' ఎవరిది? చాలాసార్లు అతనిదే. ఆమె గీసిన పెరటి ప్లాను, దాన్ని చూసి అతని ఉడుకుమోతుతనం ఎవరైనా రాసి పంపితే, వచ్చే సంచికలో మొదటి పేజీ ఆ కవితకే.