రక్తం ఇద్దాం, ప్రశ్న కూడా అడుగుదాం



మీ గూడేనికి సికిల్ సెల్ పరీక్షల క్యాంపు వచ్చిందా? వేలు గుచ్చి ఒక చుక్క రక్తం తీసుకుని ఉంటారు. ఆ చుక్కలో ఏం చూశారు, మిగిలింది ఎక్కడికి పోయింది అని అడిగారా? మనలో చాలామందిమి అడగం. ఎందుకు అడగాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

డీఎన్ఏ పాఠం అందరం చదివాం. 1953 ఏప్రిల్ 25న ‘నేచర్’ పత్రికలో వాట్సన్, క్రిక్ ఒక చిన్న వ్యాసం రాశారు. డీఎన్ఏ మెలితిరిగిన నిచ్చెనలా ఉంటుందని చెప్పారు. పరీక్షలో ఆ రెండు పేర్లు రాశాం, మార్కులు పడ్డాయి. అంతే.

మరి ఆ నిచ్చెనకు ఆధారం ఎక్కడిది? లండన్ కింగ్స్ కాలేజీలో రోజలిండ్ ఫ్రాంక్లిన్, ఆమె విద్యార్థి గాస్లింగ్ 1952లో ఎక్స్-రేలతో తీసిన ‘ఫోటో 51’ ఒక ముఖ్యమైన ఆధారం. అదే కాలేజీలో పనిచేసే విల్కిన్స్ ఆమెను అడగకుండానే దాన్ని వాట్సన్‌కు చూపించాడు. ఆమె కొలతలున్న రిపోర్టు కూడా క్రిక్ చేతికి చేరింది. ఆమె 1958లో 37 ఏళ్ళకే క్యాన్సర్‌తో చనిపోయింది. 1962లో నోబెల్ వాట్సన్, క్రిక్, విల్కిన్స్‌లకు వచ్చింది. చనిపోయినవాళ్ళకు నోబెల్ ఇవ్వరు, నిజమే. కానీ బతికున్నప్పుడైనా ఆమె పని ఆమెదని గట్టిగా చెప్పినవాళ్ళు ఎంతమంది?

చదువుకున్న శాస్త్రవేత్తకే అలా జరిగితే, వేలుముద్ర వేసే మన తాతల సంగతేంటి?

అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయలో హవసుపాయ్ అనే ఆదివాసీలు ఉన్నారు. వాళ్ళలో షుగర్ జబ్బు ఎక్కువ. 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు వాళ్ళ రక్తం తీసుకున్నారు. షుగర్ గురించేనని జనం నమ్మి ఇచ్చారు. ఆ రక్తం మీదే మానసిక జబ్బుల గురించి, వాళ్ళ పూర్వీకులు ఎక్కణ్ణుంచి వచ్చారన్నదాని గురించి కూడా పరిశోధనలు జరిగాయి. 2003లో ఈ సంగతి బయటపడింది. వాళ్ళు కోర్టుకెక్కారు. 2010లో 41 మందికి 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తం శాంపిళ్ళు తిరిగి అప్పగించాల్సి వచ్చింది.

అలాగని పరీక్షలే వద్దంటానా? అస్సలు కాదు. సికిల్ సెల్ అంటే హీమోగ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారడం, ‘ఏ’ ఉండాల్సిన చోట ‘టీ’ రావడం. అమ్మ, నాన్న ఇద్దరి నుంచీ వస్తే జబ్బు. ఒక్కరి నుంచే వస్తే మామూలుగా జబ్బు ఉండదు, పైగా మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. అందుకే మలేరియా ఉన్న ఆఫ్రికాలో, అరేబియాలో, గ్రీస్‌లో, మన అడవుల్లో ఇది కనిపిస్తుంది. ఇది శాపం కాదు, తక్కువ జాతి గుర్తు అంతకన్నా కాదు. దోమతో పోరాడి బతికిన పూర్వీకుల గుర్తు. “ఆ పిల్లకు సికిల్ ఉందట” అని సంబంధాలు తప్పించేవాళ్ళకు ఈ ముక్క చెప్పండి.

2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్ 7 కోట్ల మందికి పరీక్షలు చేస్తామంది. మంచిదే, చేయించుకుందాం. కానీ క్యాంపు దగ్గర నిలబడి నాలుగు మాటలు అడుగుదాం. ఎందుకు తీస్తున్నారో మా భాషలో చెప్పండి. ఫలితం మా చేతికివ్వండి, ఊరంతా చాటొద్దు. జబ్బు ఉంటే మందు మా దగ్గరి పీహెచ్‌సీలోనే దొరకాలి. మిగిలిన రక్తంతో వేరే పరిశోధన చేయాలంటే ముందు ఇచ్చిన మనిషిని, గ్రామసభను అడగండి.

జల్, జంగల్, జమీన్ మీద హక్కు కోసం కొట్లాడినోళ్ళ పిల్లలం మనం. మన ఒంట్లోని రక్తం మీద హక్కు మాత్రం ఎవరికి వదిలేస్తాం? సైన్స్ చదివే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, వచ్చే క్యాంపుకు మీరే ముందు వెళ్ళండి. అవ్వ పక్కన కూర్చుని, సంతకం పెట్టే ముందు ఆ కాగితం చదివి వినిపించండి.

జై ఆదివాసీ!