ఒకే పెట్టెలో అన్ని గొంతులు

తిరుపతి లాడ్జీలకైనా, చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకైనా, ప్రైవేటు ఆసుపత్రులకైనా సర్వర్లు అమ్మేవాళ్లు ఇప్పుడు ఎక్కువగా చెప్పే సలహా ఒకటుంది. పెద్ద సర్వర్ ఒకటి కొనండి. ఫోన్ ఎక్స్‌ఛేంజీ, మెయిల్, చాట్, బిల్లింగ్ అన్నీ అందులోనే వర్చువల్ మెషీన్లు(వీఎంలు)గా పెట్టుకోండి. ఖర్చూ తగ్గుతుంది, భరోసా కూడా పెరుగుతుంది అని. ఖర్చు తగ్గే మాట నిజమే. భరోసా పెరుగుతుందన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. నలుగురితో మాట్లాడించే సర్వర్లను మిగతావాటితో కలిపి ఒకే యంత్రంలో కుక్కితే ఉన్న భరోసా కూడా పోతుంది.

వీఎంలో ఫోన్ సర్వర్ నడవదన్న పాత అనుమానం ఎప్పుడో తీరింది. మైక్రోసాఫ్ట్ తన ఆఫీస్ కమ్యూనికేషన్స్ సర్వర్ 2007 ఆర్2 విషయంలో వీఎం మీద చాట్ లాంటివాటికే గానీ వాయిస్‌కు ఒప్పుకోలేదు. తర్వాత వచ్చిన లింక్ (Lync) 2010లో వాయిస్‌కూ అనుమతి ఇచ్చింది. ఈ చరిత్రను చూపించి సరుకు అమ్మేవాళ్లు, ఆ అనుమతి వెంట వచ్చిన షరతులు చెప్పరు. వాయిస్ వీఎంకు కావలసిన కోర్లు, మెమరీ దానికే కేటాయించి ఉంచాలి. సర్వర్ నడుస్తుండగా ఆ వీఎంను ఒక యంత్రం నుంచి ఇంకోదానికి మార్చడానికి లింక్ విషయంలో మైక్రోసాఫ్ట్ మద్దతే ఇవ్వలేదు. కారణం స్పష్టం. మామూలు జీ.711 పద్ధతిలో మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలు చేసి సెకనుకు 50 ప్యాకెట్లు పంపాలి, ఎదుటి నుంచి అన్నే అందుకోవాలి. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుంటే మంచిదని అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ ప్రమాణం. మెయిల్ అర నిమిషం ఆగినా ఎవరికీ పట్టదు. పక్క వీఎంలో నెలాఖరు బిల్లింగ్ రిపోర్టు కోర్లన్నీ పట్టుకుంటే వాయిస్ వీఎం తన వంతు కోసం కాచుకుని కూర్చుంటుంది. రోజు సగటు గ్రాఫులో సీపీయూ ఖాళీగానే ఉన్నట్టు కనబడుతుంది. అవతలివాళ్లకు మాట తెగి తెగి వినబడుతుంది. తిట్లు మాత్రం టెలిఫోన్ కంపెనీకి.

పది పనులను ఒక యంత్రంలో కలిపితే ఆదా అనే లెక్క వెనక ఒక ఊహ ఉంది: అన్ని పనులకూ రద్దీ ఒకేసారి రాదని. మన ప్రాంతంలో ఆ ఊహ చెల్లదు. బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి తిరుపతి హోటల్‌లో గదుల బుకింగ్ ఎప్పుడు పెరుగుతుందో, ఫోన్లు మోగేదీ అప్పుడే, బిల్లులు పడేదీ అప్పుడే. తోతాపురి మామిడి కోతల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు లారీలు వరుస కట్టినప్పుడే వేబ్రిడ్జి లెక్కలూ, రైతుల కాల్స్ కూడా ముంచుకొస్తాయి. ఏడాది సగటు చూసి కొన్న సర్వర్ సరిగ్గా ఆ రద్దీ వారాల్లోనే చతికిలబడుతుంది. వ్యాపారం నిలబడేదీ ఆ వారాల మీదే.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. ఒకే యంత్రం మీద రెండు ఫోన్ వీఎంలు పెట్టి, ఒకటి పడితే రెండోది లేస్తుందని ధీమాగా చెబుతారు. మదర్‌బోర్డు పోతే రెండూ పోతాయి. 2023 ఫిబ్రవరిలో ఈఎస్‌ఎక్స్‌ఐఆర్గ్స్ అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా వేల వీఎంవేర్ సర్వర్ల మీద పడింది. అది ఒక్కొక్క వీఎంలోకి దూరే శ్రమ పడలేదు. కింద ఉండి వీఎంలను నడిపే హైపర్‌వైజర్‌ను పట్టుకుని పైనున్న వీఎంల ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసింది. అది వాడుకున్నట్టు చెప్పే లోపానికి ప్యాచ్ రెండేళ్ల ముందే వచ్చింది. వీఎం స్థితిని దాచి ఉంచే స్నాప్‌షాట్ ఉంది కదా అనేవాళ్లు, అది మామూలుగా అదే డిస్కు మీద, అసలు ఫైలును నమ్ముకుని ఉంటుందని గుర్తించాలి. ఎక్స్‌ఛేంజ్ మెయిల్ సర్వర్‌కు వీఎం స్నాప్‌షాట్లను మైక్రోసాఫ్ట్ సమర్థించనే లేదు. ముప్పు వానల రూపంలోనూ రావచ్చు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులై పారాయి, ఘాట్ రోడ్ల మీద కొండచరియలు పడ్డాయి. అలాంటి రోజున బిల్లింగ్ ఆగితే చేత్తో రాసుకోవచ్చు. ఆసుపత్రిలో క్యాజువాల్టీ నుంచి బ్లడ్ బ్యాంకుకు ఇంటర్‌కామ్ మోగకపోతే దానికి కాగితం లేదు.

రెండు పెద్ద సర్వర్లు కొనే స్తోమత చిన్న సంస్థకు ఎక్కడిదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే రెండోది మొదటిదానంత ఉండక్కర్లేదు. యాభై ఎక్స్‌టెన్షన్ల ఆస్టరిస్క్ ఫోన్ సాఫ్ట్‌వేర్‌కు చిన్న డెస్క్‌టాప్ స్థాయి యంత్రం సరిపోతుంది. వేరే గదిలో, వీలైతే పై అంతస్తులో, వేరే యూపీఎస్ మీద ఉంటే చాలు. పెద్ద సర్వర్‌లో ఒక మెట్టు మెమరీ తగ్గించుకుంటే ఆ డబ్బు అందులోంచే వస్తుంది. ఇదంతా ఎందుకు, క్లౌడ్‌కు పోతే సరి అని ఇంకొందరు అంటారు. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లో మూడు అవైలబిలిటీ జోన్లతో (విడివిడి డేటా సెంటర్ల గుంపులతో) రీజియన్ తెరిచింది. అక్కడా ఒకే జోన్‌లో ఒకే వీఎం తీసుకుంటే కథ మొదటికే వస్తుంది. పైగా కింది అంతస్తు నుంచి పై అంతస్తుకు చేసే కాల్ కూడా హైదరాబాద్ సర్వర్ అనుమతితోనే కలవాలి. రోడ్డు తవ్వకంలో ఫైబర్ తెగితే ఇంటర్‌కామ్ కూడా మూగబోతుంది. క్లౌడ్‌కు వెళ్లేవాళ్లు కూడా, లైన్ తెగినా లోపలి ఎక్స్‌టెన్షన్లను కలిపే చిన్న గేట్‌వేను భవనంలోనే ఉంచమని, దానికి రెండు మామూలు ల్యాండ్‌లైన్లో సిమ్‌లో తగిలించమని కొనుగోలు ఆర్డర్‌లోనే రాయించుకోవాలి. బిల్లు కట్టేముందు పెద్ద సర్వర్ కరెంటు ప్లగ్ తీయించి, క్యాజువాల్టీ ఫోన్ మోగుతోందో లేదో అమ్మినవాళ్ల చేతే చూపించుకోవాలి.